ఆపరేషన్ దబ్బతొక్క

మనుబోలు దాటాక హైవే పక్కన ఒక టీ బంకు. ఉదయం పదిన్నర. గూడూరు వైపు వెళ్తున్న నిమ్మకాయల లారీ ఒకటి టైరు పంచరై ఆగి ఉంది. దాని నీడలో లుంగీ కట్టుకున్న ఒక మనిషి టీ తాగుతున్నాడు. ఇంకో మనిషి వచ్చి పక్కన నిలబడ్డాడు.

“కాయ పండిందా?” అన్నాడు లుంగీ మనిషి, రోడ్డు వైపే చూస్తూ.

“ఇంకా పచ్చిగానే ఉంది.”

“తొక్క మందమా?”

“నా తోలంత.”

కోడ్ సరిపోయింది. లుంగీ మనిషి పేరు కామాక్షయ్య. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసులో, పేరు లేని ఒక విభాగానికి చీఫ్. రెండో మనిషి ఏజెంట్ హెబ్రోను. వయసు నలభై నాలుగు. పదిహేడేళ్ళ సర్వీసు, నాలుగు దేశాలు, ఆరు మారుపేర్లు, ఎడమ భుజంలో ఇంకా తీయని తూటా ముక్క. ఇన్ని దేశాలు తిప్పి చివరికి తనని పుట్టిన ఊరికే పంపుతారని అతను కలలో కూడా అనుకోలేదు.

“మీ ఊరు కోటలో డాక్టర్ ఉషారాణి అని ఒకావిడ ట్రయల్ నడుపుతోంది,” అన్నాడు చీఫ్. “దబ్బతొక్క మీద.”

“ఊరగాయ దబ్బేనా సార్?”

“అదే. నిమ్మ, నారింజ, దబ్బ తొక్కల్లో ఫ్లేవనాయిడ్లని ఉంటాయి. హెస్పెరిడిన్, నారింజిన్, ఇంకా ఏవేవో. గుండెకీ రక్తనాళాలకీ మంచివనీ, షుగరునీ కొవ్వునీ కాస్త అదుపులో పెడతాయనీ ఎన్నాళ్ళుగానో అంటున్నారు. అనడం వేరు, తేల్చడం వేరు. ఆవిడ తేల్చాలనుకుంటోంది. అరవై మంది పేషెంట్లు, పన్నెండు వారాలు. సగం మందికి తొక్కసారం నింపిన క్యాప్సూల్, సగం మందికి ఉత్త బియ్యప్పిండి. ఎవరికి ఏది పోతోందో పేషెంటుకీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. కోడ్ లిస్టు సీలు వేసిన కవర్లో ఉంటుంది. చివరి రోజు అందరి ముందూ తెరుస్తారు.”

“మధ్యలో మనకేం పని?”

“ఒక విదేశీ ముఠా దిగింది. మన ఫైల్లో వాళ్ళ పేరు ‘చీడ’. వాళ్ళ క్లయింటు ఇలాంటి మాత్రనే ఖరీదైన డబ్బాలో పెట్టి ప్రపంచమంతా అమ్మబోతున్నాడు. పెరట్లో దబ్బతొక్కే చాలని తేలితే అతని దుకాణం మూతే. ట్రయల్‌ని దెబ్బ కొడతారు. ఎలా కొడతారో తెలియదు. ఎప్పుడు కొడతారో తెలియదు.”

“నా కవర్?”

“పేషెంటుని తీసుకొచ్చిన ఇంటిమనిషివి. మీ వాళ్ళలో షుగరూ బీపీ ఉన్నవాళ్ళు ఎవరూ లేరా?”

హెబ్రోనుకి వెంటనే ఒక మొహం గుర్తొచ్చింది. ఉంది. పెద్దమ్మ ఉంది.

కామాక్షయ్య లుంగీ ముడిలోంచి ఒక పెన్ను తీసి ఇచ్చాడు. చూడటానికి మామూలు పెన్నే. “మాత్ర మీద ఆనించి నొక్కు. లోపల ఏముందో చెబుతుంది. దేశంలో ఇలాంటివి రెండే ఉన్నాయి. ఇంకో సంగతి. లోపల మనకొక మనిషి ఉంది. ఏంజెలిన్. ట్రయల్‌కి పబ్లిసిటీ అంతా ఆవిడే చూస్తుంది. ఏదైనా తేడా వస్తే ముందు ఆవిడకి చెప్పు.”

ఏజెంట్ హెబ్రోను తలూపాడు. తన జీవితంలో అంత తప్పుగా ఎప్పుడూ తలూపలేదని పన్నెండు వారాల తరవాత గానీ అతనికి తెలిసిరాలేదు.

*

తల్లి పోయిన ఏడాది వయసు హెబ్రోనుని చంకనేసుకుని పెంచింది ఎస్తేరమ్మ. తల్లికి అక్క. పెళ్ళి చేసుకోలేదు. బడిలో ఆయాగా పనిచేసి, చర్చిలో ముందు వరసలో కూర్చుని, ఆ పిల్లాడికి చదువూ వాక్యమూ రెండూ నేర్పింది. అతను ఏదో ఎగుమతుల కంపెనీలో పని చేస్తున్నాడని ఆవిడ నమ్మకం. ఏం ఎగుమతి చేస్తావురా అని ఒక్కసారీ అడగలేదు.

“నాకెందుకురా నాయనా ఇంకా మాత్రలు?” అంది. “బీపీ బిళ్ళ ఒకటి, కొవ్వు బిళ్ళ ఒకటి, షుగరు బిళ్ళలు రెండు. పొద్దున్నే బిళ్ళలతోనే సగం కడుపు నిండిపోతాంది.”

“నా కోసం పెద్దమ్మా.”

“నీకోసమా? అట్టయితే చెప్పు, యాడ వేలిముద్ర ఎయ్యాల?”

చదవడం రాయడం బాగా వచ్చినా ఆవిడ ఆ మాటే అంటుంది. సంతకం పెట్టింది. కింద, బాధ్యత వహించే బంధువు అన్నచోట హెబ్రోను పెట్టాడు. మారుపేర్లతో వందల కాగితాల మీద చెయ్యి వణక్కుండా సంతకాలు చేసినవాడు, సొంత పేరు రాసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాడు.

మొదటి రోజు డాక్టర్ ఉషారాణి అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గట్టిది. “మీరు వాడే మందులు ఒక్కటి కూడా మానకండి. ఇది వాటికి తోడే గానీ బదులు కాదు. మాత్ర విప్పకూడదు. కొరకకూడదు. ఒకరిది ఒకరు వేసుకోకూడదు. నీళ్ళతో మింగేయాలి. అర్థమైందా?”

అరవై తలకాయలు ఊగాయి. తల ఊపడంలో మా జిల్లావాళ్ళని మించినవాళ్ళు లేరు. ఎస్తేరమ్మా, ఆవిడ పక్కన కూర్చున్న ఇందిరమ్మా అందరికంటే ఎక్కువ ఊపారు. ఇందిరమ్మది బుచ్చిరెడ్డిపాలెంలో వరి పండించే ఇల్లు. కోటకి కోడలిగా వచ్చి నలభై ఏళ్ళు. ఇద్దరూ పెరటి గోడకి ఇటూ అటూ ఉంటారు. ఆ గోడ మీదుగా పోని వస్తువంటూ లేదు.

పదకొండు వారాలు ఏమీ జరగలేదు. గూఢచారికి ఏమీ జరగకపోవడమంత కష్టం ఇంకోటి లేదు. హెబ్రోను పెద్దమ్మని మోటారు సైకిల్ మీద క్లినిక్కి తీసుకెళ్ళడం, బీపీ చూపించడం, ఇంటికి తేవడం, సాయంత్రం ఏంజెలిన్‌కి రిపోర్టు ఇవ్వడం.

ఈ చివరిది మాత్రం కష్టంగా ఉండేది కాదు. ఏంజెలిన్ తెల్ల లినెన్ చీర కట్టి, నల్ల గాగుల్స్ పెట్టుకుని, జీపు తనే నడుపుకుంటూ వచ్చేది. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట. కోట బజారులో ఆవిడ జీపు ఆగితే కూరగాయలు తూచేవాడు తక్కెడ పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. మన ఏజెంటు కూడా మనిషేగా. వారానికి రెండు సార్లు గడ్డం గీసుకునేవాడు మూడు సార్లు గీసుకోవడం మొదలుపెట్టాడు.

*

శనివారం పొద్దున చివరి మోతాదు. కల్యాణమండపంలో, కెమెరాల ముందు, అరవై మందీ ఒకేసారి మింగాలి. పేషెంట్లు ఇంటర్నెట్లో కనబడితే నమ్మకం పెరుగుతుందని ఏంజెలినే ఏర్పాటు చేసింది. శుక్రవారం మధ్యాహ్నం సీసాలు వచ్చాయి. ఒక్కో సీసాలో ఒక్కటే మాత్ర.

హెబ్రోను పెద్దమ్మ సీసా మూత తీశాడు. లోపల దూది ఉంది. పన్నెండు వారాల్లో ఏ సీసాలోనూ దూది లేదు. జేబులోంచి పెన్ను తీసి మాత్ర మీద ఆనించి నొక్కాడు. పెన్ను మీద సన్నటి అక్షరాలు వెలిగాయి.

‘అప్‌డేట్ అవసరం. రెండు శాతం పూర్తయింది.’

ఆ మధ్యాహ్నం కోటలో సిగ్నల్ ఒక గీత. అరగంట తరవాత మూడు శాతం. మాత్రని మళ్ళీ సీసాలోనే పెట్టి, అరవై సీసాల పెట్టె వైపు ఒకసారి చూసి, చీఫ్ చెప్పినట్టే చేశాడు. ఏంజెలిన్‌కి ఫోన్ చేశాడు.

“ఎవరికీ చెప్పకండి హెబ్రోన్ గారూ,” అందావిడ. “రొయ్యల చెరువుల దగ్గర షెడ్డుకి రండి. పెట్టె సంగతి నేను చూసుకుంటాను.”

కోటకి తూర్పున, సముద్రం వైపు ఏడు కిలోమీటర్లు పోతే కనుచూపు మేరా చెరువులే. షెడ్డు ముందు ఏంజెలిన్ కొబ్బరిబోండాం పట్టుకుని నిలబడి ఉంది. “ఎండన పడి వచ్చారు, ముందు ఇది తాగండి.” నాలుగు దేశాల్లో ఎవరి చేతి నీళ్ళూ తాగని మనిషి సొంత ఊళ్ళో గడగడా తాగేశాడు. సగం బోండాం అయ్యేసరికి చెరువులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

*

కళ్ళు తెరిచేసరికి తెల్లారి ఎండెక్కింది. షెడ్డు మధ్య గుంజకి నైలాన్ తాడుతో కట్టేసి ఉన్నాడు. చేతులు వెనక్కి. నోట్లో గుడ్డ లేదు, అరిచినా వినేవాళ్ళు లేరు గనక. బయట ఏరియేటర్ల చక్రాలు చెరువు నీళ్ళని చిలుకుతూ గోల గోల చేస్తున్నాయి. ఎదురుగా మేత బస్తాల మీద ఏంజెలిన్, చేతిలో ట్యాబ్. ట్యాబ్ మూల టైము: ఎనిమిది నలభై ఎనిమిది.

“నువ్వా?” అన్నాడు.

“నేనే. పన్నెండు వారాల నుంచీ నేనే.”

“మాత్రల్లో ఏముంది?”

“అది కూడా పుల్లటి పండే. గ్రేప్‌ఫ్రూట్ అంటారు, మీ పంపరపనసకి చుట్టం. అందులో ఒక పదార్థం ఉంది. కొన్ని బీపీ మందుల్నీ, కొవ్వు మందుల్నీ ఒంట్లోంచి బయటికి పోనివ్వదు. ఒక బిళ్ళ మింగినా పది మింగినట్టు. మా ల్యాబు వాళ్ళు దాన్ని వంద రెట్లు చిక్కబరిచారు. మీ వాళ్ళు రోజూ బిళ్ళలు వేసుకునే వస్తారు కదా? తొమ్మిదింటికి ఇది మింగుతారు. పదింటికల్లా ఒక్కొక్కరే పడిపోతారు. లైవ్‌లో. ఆ తరవాత ఈ దేశంలో దబ్బతొక్క ఎవరూ ముట్టరు.”

“ముసలివాళ్ళు ఏంజెలిన్. ఏ పాపమూ ఎరగనివాళ్ళు.”

“తెలుసు,” అంది. అంతే అంది. తెలియక చేసే పాపాల్ని దేవుడు దయతలచి క్షమించవచ్చు గానీ, ఆవిడ తెలిసే చేస్తోంది. అది అతనికి భరించలేనంత దుఃఖం తెచ్చింది.

తాడు గుంజాడు. మణికట్టు తెగింది గానీ తాడు కదల్లేదు. బతిమాలాడు. ఎదురు డబ్బు ఇప్పిస్తానన్నాడు, వదిలేస్తానన్నాడు, నిన్ను ఎవరూ ముట్టకుండా చూస్తానన్నాడు. ఆవిడ వినడం లేదు. ట్యాబ్‌ని చెవికి ఆనించుకుంటోంది.

“ఈ చక్రాల గోలలో ఒక్క ముక్కా వినబడదు,” అని విసుక్కుని లేచి, గోడ మీద మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది.

ఏరియేటర్లు ఆగిపోయాయి. నీళ్ళు సద్దుమణిగాయి.

హెబ్రోను చెవులు రిక్కించాడు. రొయ్యల ఊళ్ళో పుట్టినవాడికి ఆ నిశ్శబ్దం అర్థం వేరు. రొయ్యలు పట్టే అదనుకి వచ్చిన చెరువులో చక్రం ఆగితే రొయ్యకి గాలాడదు, తేలిపోతుంది. ఆ చప్పుడు ఆగితే ఇళ్ళల్లో అన్నం ముందు కూర్చున్నవాళ్ళు కూడా చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొస్తారు. ఏంజెలిన్‌కి అది తెలియదు. నోరు మెదపకుండా లెక్క వేసుకున్నాడు. చెరువు గట్ల వెంట ఎంత పరిగెత్తినా పది, పన్నెండు నిమిషాలు. ట్యాబ్‌లో టైము ఎనిమిది యాభై నాలుగు. వాళ్ళు వచ్చినా తనని విప్పుతారు. అంతే. పెద్దమ్మ ఏడు కిలోమీటర్ల అవతల ఉంది.

ట్యాబ్‌లో మండపం. అరవై కుర్చీలు, అరవై గ్లాసుల నీళ్ళు, అరవై సీసాలు. మిగతావాళ్ళ మాటేమో గానీ, ముందు వరసలో తెల్లచీరలో కళ్ళజోడుకి నల్లదారం కట్టుకుని కూర్చున్న మనిషిని తప్ప హెబ్రోను ఎవరినీ చూడటం లేదు. తనే సంతకం పెట్టి కూర్చోబెట్టాడు. ‘నా కోసం పెద్దమ్మా’ అని.

“అందరూ మాత్ర చేతిలోకి తీసుకోండి,” అంటోంది డాక్టర్ ఉషారాణి మైకులో.

ఎస్తేరమ్మ చెయ్యెత్తింది. “డాక్టరమ్మా, ఆఖరి రోజు గదా. ప్రార్థన చేసుకుందాం.”

డాక్టరు మైకు ఇచ్చింది. పాపం, కొత్త మనిషి, తెలియక ఇచ్చింది.

ఎస్తేరమ్మ ప్రార్థన కోటలో ఎరగనివాళ్ళు లేరు. చిన్నప్పుడు అన్నం చల్లారిపోతుంటే హెబ్రోను ఒక కన్ను తెరిచి, ఎప్పుడు ఆమెన్ అంటుందా అని చూసేవాడు. విసుగ్గా కాళ్ళు కదుపుతూ కూర్చున్న ఆ ఆదివారాలన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయి. ఆపకు పెద్దమ్మా, అనుకున్నాడు. ఈ ఒక్కరోజు ఆపకు.

ఆవిడ వర్షం కోసం ప్రార్థించింది. రోగుల కోసం, విధవరాళ్ళ కోసం, సముద్రం మీదికి పోయిన పడవల కోసం, డాక్టరమ్మకి ఇంకా సంబంధం కుదరలేదని దాని కోసం. ఎనిమిది యాభై తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది రెండు. “ఈడికి రాలేకపోయిన నా బిడ్డ కోసం తండ్రీ. రాత్రి ఇంటికి రాలా. యాడున్నాడో నీకు తెలుసు. ఏం పని చేస్తాడో అది కూడా నీకు తెలుసు, నాకు చెప్పడు. వాడి చేతులకి కట్లు లేకుండా కాపాడు...”

హెబ్రోను ఏడ్చాడు. పదిహేడేళ్ళ సర్వీసులో మొదటిసారి, శత్రువు ఎదురుగా, ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి కూడా లేకుండా ఏడ్చాడు.

“...ఆమెన్.”

“ఆమెన్,” అన్నారు అరవై మంది. ఇందిరమ్మ కూడా అంది.

“మింగండి,” అంది డాక్టరు.

“వద్దు!” అని షెడ్డు అదిరేలా అరిచాడు హెబ్రోను. పైన రేకు మీద కాకి ఒకటి లేచిపోయింది. అంతకు మించి ఏమీ జరగలేదు.

ఎస్తేరమ్మ మాత్రని రెండు వేళ్ళతో పట్టుకుంది. నోటి వైపు తీసుకుపోలేదు. ఎడం అరచేతి మీద పెట్టి, చిక్కుడుకాయ వొలిచినట్టు అలవాటుగా టప్పున విప్పింది. పొడి అరచేతిలో పడింది. పక్కన ఇందిరమ్మ కూడా విప్పింది. వెనక వరసా, ఆ వెనక వరసా. అరవై అరచేతుల్లో అరవై చిటికెల పొడి.

“అయ్యో, ఏం చేస్తున్నారండీ!” అంటూ డాక్టర్ ఉషారాణి ముందుకు ఉరికింది. “విప్పకూడదని చెప్పానా లేదా?”

ఎస్తేరమ్మ నాలుక కొసతో పొడిని అంటించుకుంది. మొహం చిట్లించింది. తూ అని పక్కకి ఉమ్మింది.

“ఎవురూ నాకబాకండి!” మైకు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. “ఇది మన దబ్బ కాదు. పిండీ కాదు. ఏందో పరాయి చేదు. ఇందిరమ్మా, చూడు మ్మే.”

ఇందిరమ్మ వాసన చూసింది. “అవునక్కా. పంపరపనస తొక్క మాదిరి గొడుతాంది. మనకి పన్నెండు వారాలు పెట్టింది ఇది కాదు డాక్టరమ్మా. ఎవురో మార్చినారు.”

అరవై మందీ అరచేతులు కుర్చీలకి తుడిచేశారు. డాక్టరు కేకలు వేస్తూ సీసాలు లాక్కుంటోంది.

షెడ్డులో ఏంజెలిన్ గాగుల్స్ తీసేసింది. గాగుల్స్ లేకుండా ఆవిడ చాలా మామూలు మనిషిలా ఉంది. ట్యాబ్ పారేసి తలుపు తీసింది. తలుపు అవతల, మోకాళ్ళ దాకా బురదతో, రొప్పుతూ, ఇరవై మంది రొయ్యల రైతులు నిలబడి ఉన్నారు.

అందరికంటే ముందున్న పోలేరయ్య ఆవిణ్ణి చూడలేదు, గుంజకి కట్టేసిన మనిషినీ చూడలేదు. గోడ వైపు చూశాడు.

“మెయిన్ ఎవురు ఆపినారు?” అన్నాడు, చాలా నెమ్మదిగా.

*

మధ్యాహ్నానికి అంతా సద్దుమణిగింది. పోలీసులు వచ్చేదాకా ఏంజెలిన్ అదే గుంజకి అదే తాడుతో ఉంది. విదేశీ కుట్ర సంగతి రైతులకి ఎక్కలేదు. రొయ్యల సంగతి తేలేదాకా ఆవిణ్ణి వదిలేది లేదని మాత్రం గట్టిగా చెప్పారు.

మండపం అరుగు మీద డాక్టర్ ఉషారాణి కూర్చుని ఉంది. ఒళ్ళో సీలు విప్పని కవరు.

“ఎన్నాళ్ళ నుంచి విప్పుతున్నారు?” అని అడిగింది.

“మొదుటి రోజు నుంచీ,” అంది ఎస్తేరమ్మ. “గొట్టం గొంతులో అడ్డం పడతాంది డాక్టరమ్మా. మజ్జిగలో కలుపుకుంటిమి. ఆ రోజే తెలిసిపోయినాది, నాకొచ్చింది ఉత్త బియ్యప్పిండని. నేను నిమ్మతోటల్లో పెరిగినదాన్ని, ఇందిరమ్మ వరి పండించే ఇంట్లో, ఆ మాత్రం తెలీదా? ఇందిరమ్మకి అసలుది వచ్చినాది. గోడ మీంచి చెరిసగం పంచుకున్యాం. ఊరంతా అట్టే చేసినారు. పక్కోళ్ళకి పిండి పెట్టి మనం మందు తింటే బాగుంటాదా చెప్పు?”

డాక్టరు నవ్వబోయింది, కళ్ళు నిండిపోయాయి. పన్నెండు వారాలూ నీళ్ళపాలయ్యాయి. ఎస్తేరమ్మకి షుగరు కాస్త తగ్గిన మాట నిజం. దబ్బతొక్క వల్ల తగ్గిందో, రోజూ క్లినిక్ దాకా వచ్చినందువల్ల తగ్గిందో, కొడుకు ఇంట్లో ఉన్నందువల్ల తగ్గిందో ఇక ఎవరూ చెప్పలేరు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. “తప్పు చేసినామా?” అని ఇందిరమ్మ అడిగితే, “చేశారు. దానివల్లే బతికారు,” అంది డాక్టరు.

హెబ్రోను ఫోన్ మోగింది. కామాక్షయ్య.

“కాయ పండిందా?”

“రాలిపోయింది సార్. మనుషులు క్షేమం.”

“శెభాష్. ఎలా ఆపావు? రిపోర్టులో రాయాలి.”

హెబ్రోను మణికట్ల మీద తాడు ఒరిపిడి చూసుకున్నాడు. ఎలా ఆపాడు? గుంజకి కట్టేస్తే కూర్చున్నాడు. ఏడ్చాడు. కాకిని లేపాడు. “తరవాత రాస్తాను సార్,” అని పెట్టేశాడు.

ఎస్తేరమ్మ అతని చేతులు ఒళ్ళోకి తీసుకుని కొబ్బరినూనె రాస్తోంది. ఎవరు కట్టేశారని అడగలేదు. ఎగుమతుల కంపెనీలో ఇలాంటివి మామూలే అన్నట్టు రాస్తోంది.

అప్పుడు అతని జేబులో ఏదో కుయ్‌మంది. పెన్ను తీశాడు. సన్నటి అక్షరాలు ఎర్రగా వెలుగుతున్నాయి.

‘అప్‌డేట్ పూర్తయింది. జాగ్రత్త: ఈ నమూనా ప్రాణాంతకం. నోట్లో పెట్టుకోరాదు.’

“ఏందిరా అది?” అంది పెద్దమ్మ.

“మాత్రలో ఏముందో కనిపెట్టి చెప్పే పెన్ను పెద్దమ్మా. దేశంలో రెండే ఉన్నాయి.”

ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆ అక్షరాలు నిదానంగా చదివింది. జాలిగా తలాడించింది.

“నోరు చచ్చినట్టుంది పాపం దానికి. ఇంటికి పోయినాక కాస్త దబ్బ ఊరగాయ నాకించు.”